రెండేళ్ల నర్సింగ్‌కు ఇరవయ్యేళ్ల అప్పు చేయడమెలా?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి చవకైన దారి ఒకటుంది. ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ చేయడం, ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయడం, లైసెన్సు తెచ్చుకోవడం. ఆ దారిన వెళ్లి నష్టపోవడం కష్టం. కష్టమేగానీ అసాధ్యం కాదు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉంటూ, పిల్లలు బడికి వెళ్లాక ఖాళీగా కూర్చోలేక, 'నర్సింగ్ చేస్తే ఆరంకెల జీతమట' అని వాట్సాప్ గ్రూపులో చదివి ఉత్సాహపడుతున్న అమ్మలకూ అక్కలకూ, వాళ్లను ప్రోత్సహిస్తున్న అయ్యలకూ ఈ సలహాలు. గుంటూరులో ఉన్నప్పుడు 'మా ఇంటి ఆడపిల్ల నర్సేమిటి' అన్నవాళ్లే ఫ్రిస్కో వచ్చాక ఈ మాట ఎత్తుతున్నారు. సంతోషం. ఎత్తినవాళ్లు లెక్క మాత్రం తప్పుగా వేయాలి. ఎలాగో చెబుతాను.

జీతం రూపాయల్లో, అప్పు డాలర్లలో

ముందు ఒక నియమం పెట్టుకోండి. రాబోయే జీతాన్ని ఎప్పుడూ రూపాయల్లోనే చెప్పుకోవాలి. చేయబోయే అప్పును డాలర్లలోనే చెప్పుకోవాలి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే లెక్కల ప్రకారం రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. తెనాలిలో ఉన్న అత్తగారికి ఫోన్లో ఈ సంగతి చెప్పేటప్పుడు 'ఎనభై లక్షల దాకా వస్తుందట అత్తయ్యా' అనాలి. కాలేజీకి అరవై వేల డాలర్లు అప్పు చేయాల్సి వస్తే 'ఒక అరవై వేలవుతుంది, అంతే' అని తేల్చేయాలి. ఎనభై లక్షల పక్కన అరవై వేలంటే ఎవరికైనా ధైర్యమొస్తుంది. 'ఆ మాత్రానికి అప్పెందుకే, మీ మామయ్యని పంపమంటాను' అని ఆవిడ అంటే మాట మార్చండి.

ఆ 93,600 ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం ఆరా తీయొద్దు. తీస్తే తెలిసేదేమిటంటే, గంటకు 45 డాలర్లనే మధ్యస్థ వేతనాన్ని ఏడాదికి 2,080 గంటలతో, అంటే వారానికి నలభై గంటల చొప్పున హెచ్చవేశారు. ఆసుపత్రి వార్డుల్లో నర్సులు ఎక్కువగా వారానికి మూడు షిఫ్టులు చేస్తారు, ఒక్కోటి పన్నెండు గంటలు. మొత్తం 36. అదే 45 డాలర్లను 36 గంటలతో లెక్కగడితే ఏడాదికి 84,240. తొమ్మిది వేల పైచిలుకు డాలర్లు ఇక్కడే తరుగు పోయాయి. పైగా మధ్యస్థం అన్నది ఐసీయూలో పాతికేళ్లుగా చేస్తున్న మనిషి నుంచి నిన్న చేరిన పిల్ల దాకా అందరినీ వరసలో నిలబెడితే నడిమిన నిలబడ్డ మనిషి జీతం. మీరు చేరేది వరస చివర. కొత్త నర్సుకు గంటకు 34 డాలర్లిచ్చే ఊళ్లో 36 గంటల చొప్పున ఏడాదికి వచ్చేది 63,648. పన్ను కోయకముందు మాట ఇది. నైట్ షిఫ్టుకూ శని ఆదివారాలకూ గంటకు కొంచెం అదనంగా ఇస్తారు. ఆ అదనాన్ని లెక్కలో వేసుకోండి. ఆ రాత్రుళ్లు పిల్లల దగ్గర ఎవరుంటారన్నది వేసుకోవద్దు. అత్తగారు విజిటర్ వీసా మీద వస్తే ఒక్కసారికి ఆరు నెలలే.

రాష్ట్రం విషయంలోనూ చేయి వెనక్కి తీయొద్దు. మీరుండేది ఏ రాష్ట్రమైనా జీతం మాత్రం కాలిఫోర్నియాది చెప్పండి. 2023 లెక్కల్లో కాలిఫోర్నియా రిజిస్టర్డ్ నర్సు సగటు సంపాదన 1,37,690 డాలర్లు, సౌత్ డకోటాలో 69,030. ఇద్దరూ రాసింది ఒకే ఎన్‌క్లెక్స్. సౌత్ డకోటా పేరెత్తినవాళ్లను నిరాశావాదులని తోసిపుచ్చండి. కాలిఫోర్నియా ఇంటద్దె పేరెత్తినవాళ్లను కూడా. ఇవేవీ చాలకపోతే 2021 నాటి ట్రావెల్ నర్సు ప్రకటనలు ఇంకా ఇంటర్నెట్లో దొరుకుతాయి. కోవిడ్ ముదిరిన రోజుల్లో ఊరూరా తిరిగి పనిచేసే అనుభవజ్ఞులైన నర్సులకు ఇచ్చిన రేట్లవి. మీరు ఇంకా అనాటమీ క్లాసులో చేరలేదన్నది చిన్న విషయం.

ఖరీదైన కాలేజీని ఎంచుకోవడం

ఇది మీరు చేయగల తప్పుల్లోకెల్లా పెద్దది, కాబట్టి శ్రద్ధగా చేయాలి.

రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ అనే ఆలోచన మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో నర్సులకు కరువొచ్చింది. ఆసుపత్రుల్లో మూడేళ్లు ఊడిగం చేయించుకుంటూ నేర్పే పాత పద్ధతి బదులు, కాలేజీలో రెండేళ్లు చదివించి వార్డుకు పంపవచ్చని ఆవిడ కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో పరిశోధన చేసి 1951లో గ్రంథంగా వెలువరించారు. మరుసటేడాది కొన్ని కాలేజీల్లో ప్రయోగం మొదలైంది. అప్పుడే ఊరూరా లేస్తున్న కమ్యూనిటీ కాలేజీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. దాని ఫలితం ఇవాళ్టికీ ఉంది. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ వాళ్లూ నాలుగేళ్ల బీఎస్ఎన్ బ్యాచిలర్ డిగ్రీ వాళ్లూ రాసేది ఒకే పరీక్ష, వచ్చేది ఒకే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) హోదా. ఎన్‌క్లెక్స్‌లో మీ జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. మీరు కాలేజీకి ఎంత కట్టారో దానికి తెలియదు. ఉద్యోగమిచ్చే ఆసుపత్రి మేనేజరు కూడా అడగదు. ఇద్దరు అసోసియేట్ డిగ్రీ పిల్లలు ఒకే వార్డులో ఒకే రోజు చేరితే, ఒకరు ఎనిమిది వేలు కట్టి చదివినా మరొకరు అరవై వేలు కట్టి చదివినా గంట రేటు ఒకటే.

అంటే జీతం వచ్చేది లైసెన్సును బట్టి, ఉద్యోగం దొరికిన ఊరిని బట్టి. అప్పు పెరిగేది కాలేజీని బట్టి. ఈ రెండు వాక్యాలు ఒకసారి బుర్రకెక్కితే మీరు చెడిపోయినట్టే, ఇక ఎవరూ మిమ్మల్ని అప్పుల పాలు చేయలేరు. అందుకే ఫీజుల పట్టిక తెరవకండి. కమ్యూనిటీ కాలేజీల్లో ఆ జిల్లావాళ్లకు, రాష్ట్రంవాళ్లకు పడే ట్యూషన్ ఫీజు దేశం మొత్తం మీద సగటున ఏడాదికి నాలుగు వేల డాలర్లు. కాలిఫోర్నియాలో అయితే యూనిట్‌కు 46 డాలర్లు. స్క్రబ్సు, స్టెతస్కోపు, పుస్తకాలు, టీకాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్కు, సీపీఆర్ కార్డు, ఎన్‌క్లెక్స్ ఫీజు 200, కోచింగ్ యాప్ చందా అన్నీ కలుపుకున్నా చెమటలు పట్టే అంకె రాదు. అలాంటి చోట చదివి 'నేనూ అమెరికాలో చదివాను' అని ఏ ముఖంతో చెప్పుకుంటారు?

మీకు కావలసింది హైవే పక్కన అద్దాల మేడలో ఉన్న లాభాపేక్ష కాలేజీ. వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు ఇచ్చిన పది నిమిషాల్లో అక్కణ్నుంచి ఫోనొస్తుంది. కమ్యూనిటీ కాలేజీ కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ మూడు వారాలకు గానీ దొరకదు. ఈ తేడా చూసి ఎవరికి మీ మీద ప్రేమ ఎక్కువో మీరే గ్రహించండి. 'వచ్చే బ్యాచ్‌లో రెండే సీట్లున్నాయి మేడమ్' అంటారు. ఫీజు గురించి అడిగితే 'నెలకు ఎంతైతే మీకు సౌకర్యంగా ఉంటుంది' అని ఎదురడుగుతారు. మొత్తం ఎంత అని రెండోసారి అడగడం మర్యాద కాదు.

ఈ రకం కాలేజీలకు పెద్ద చరిత్రే ఉంది. కొరింథియన్ కాలేజెస్ 2015లో, నర్సింగ్ కోర్సులు కూడా నడిపిన ఐటీటీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 2016లో మూతపడ్డాయి. కొరింథియన్‌లో చదివిన 5,60,000 మంది ఫెడరల్ అప్పులను, 580 కోట్ల డాలర్లను, ప్రభుత్వం 2022లో రద్దు చేసింది. అదే ఏడాది ఐటీటీ విద్యార్థులకూ 390 కోట్లు రద్దయ్యాయి. ఇందులో మీకొక వ్యూహం దాగుంది. ఖరీదైన కాలేజీలో చేరండి, అది దివాలా తీసేదాకా ఆగండి, ఆ తర్వాత ఆరేడేళ్లు ఓపిక పట్టండి, అప్పు మాఫీ. ప్రైవేటు బ్యాంకు దగ్గర తెచ్చుకున్న అప్పు మాత్రం ఆ మాఫీలోకి రాలేదు.

నిజం చెప్పాలంటే, ఫోన్ చేసిన ఆ కాలేజీ రిప్రజెంటేటివ్ చెప్పే మాటల్లో ఒకటి కొట్టిపారేయదగ్గది కాదు. 'మీరు కమ్యూనిటీ కాలేజీ సీటు కోసం రెండేళ్లు ఎదురుచూస్తే రెండేళ్ల జీతం పోగొట్టుకున్నట్టే కదా' అంటారు. పోగొట్టుకున్నట్టే. రెండేళ్ల కోర్సన్నది పేరుకే. అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ ముందు పూర్తి చేయాలి. ప్రవేశానికి టీస్ పరీక్షో హెసీ పరీక్షో రాయాలి. ఆ తర్వాత పాయింట్ల జాబితా, కొన్నిచోట్ల లాటరీ. అన్నీ కలిసి నాలుగేళ్లకు దగ్గరపడటం మామూలే. ఏడాదికి 63 వేలు సంపాదించగల మనిషి రెండేళ్లు ఊరికే కూర్చుంటే లక్షా పాతిక వేలు పోయినట్టు. ఫీజు తేడా యాభై వేలే. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిరకాసు ఒక్కచోటే. ఈ లెక్క మొత్తం 'చదువు పూర్తయితే, పరీక్ష పాసైతే, వెంటనే ఉద్యోగమొస్తే' అనే మూడు 'అయితే'ల మీద నిలబడి ఉంది. పైగా రెండేళ్లు ఊరికే కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పక్క కౌంటీ కాలేజీలకు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. నర్సింగ్ అసిస్టెంటుగానో, టెక్సస్‌లో ఎల్‌వీఎన్ అనే ఏడాది కోర్సు చేసి ఆ ఉద్యోగంలోనో చేరి, ఆసుపత్రి వాసన తమకు పడుతుందో లేదో చూసుకుని, ఆపైన ఆర్‌ఎన్‌కు వెళ్లేవాళ్లున్నారు. నన్నడిగితే, మంచి ఉత్తీర్ణత ఉన్న ఖరీదైన కాలేజీకీ రెండేళ్ల నిరీక్షణకీ మధ్య ఎంచుకోవాల్సిన మనిషి నిజంగానే కాగితం మీద లెక్క వేసుకోవాలి. కానీ ఇది తప్పుడు సలహాల వ్యాసం కాబట్టి ఆ మూడు 'అయితే'లను మింగేసి సంతకం పెట్టేయండి.

పాసైనవాళ్లను మాత్రమే చూడండి

అమెరికా విద్యాశాఖ కాలేజీ స్కోర్‌కార్డ్ అనే పట్టిక పెట్టింది. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవాళ్లకు ఎంత అప్పు మిగిలిందో, ఎంత సంపాదిస్తున్నారో అందులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఎంతో ఉపయోగపడే పట్టిక. దాన్ని సరిగ్గా అపార్థం చేసుకోవడం ఒక కళ.

అందులోని అప్పు కోర్సు పూర్తి చేసినవాళ్లది. మూడో సెమిస్టర్లో ఫార్మకాలజీ ఫెయిలై ఇంటికొచ్చినవాళ్ల అప్పు అక్కడ కనపడదు. లైసెన్సు లేదు, అప్పుంది. ఈ విషయంలో అందరికన్నా దెబ్బతినేది వాళ్లే. పట్టిక మీద కనపడే అప్పు ఫెడరల్ అప్పే, ప్రైవేటు బ్యాంకులది కాదు. సంపాదన లెక్క కూడా ఫెడరల్ సాయం తీసుకున్నవాళ్లదే. హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు కాబట్టి మన ఇల్లాలు ఆ పట్టికలో ఎక్కడా లేదు. తనకు సంబంధం లేని అంకెను చూసి తన భవిష్యత్తు ఊహించుకోవడంలో ఉన్న ఆనందం ఇక దేనిలోనూ ఉండదు.

పెళ్లికొడుకు గురించి నాలుగూళ్లు వాకబు చేసే మనవాళ్లు కాలేజీ గురించి ఒక్క ఫోను కూడా చేయకపోవడం నాకు అద్భుతంగా అనిపిస్తుంది. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టండి. రాష్ట్ర నర్సింగ్ బోర్డులు ఏటా ఒక్కో కాలేజీ నుంచి ఎంతమంది మొదటి ప్రయత్నంలో ఎన్‌క్లెక్స్ పాసయ్యారో బయటపెడతాయి. దేశం మొత్తం మీద అమెరికాలో చదివినవాళ్లలో మొదటిసారే గట్టెక్కేది ఇంచుమించు పదికి తొమ్మిది మంది. టెక్సస్ బోర్డు 80 శాతం దాటని కాలేజీని నిలదీస్తుంది. ఇవన్నీ ఉచితంగా దొరికే వివరాలు. ఉచితంగా దొరికేదానికి విలువేముంటుంది?

ఒకవేళ ఉత్తీర్ణత శాతం చూసినా అక్కడే ఆగిపోండి. 96 శాతం అని ఉంటే చప్పట్లు కొట్టండి. నూరుమంది చేరితే చివరిదాకా నిలిచిందెందరని అడగకండి. నర్సింగ్‌లో చాలా కాలేజీలకు 75 మార్కులు వస్తేనే పాస్. ముప్పై అయిదుతో గట్టెక్కే దేశం నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త. రెండు సబ్జెక్టులు పోతే కొన్నిచోట్ల కోర్సులోంచే పంపేస్తారు. ఇంకా తమాషా, కొన్ని కాలేజీలు చివరి సెమిస్టర్లో ఎగ్జిట్ పరీక్ష పెడతాయి. అది దాటకపోతే డిగ్రీ ఇవ్వరు, ఎన్‌క్లెక్స్ రాయనివ్వరు. పాసవుతారని నమ్మకమున్నవాళ్లనే పరీక్షకు పంపితే శాతం బాగానే ఉంటుంది మరి. బయట ఆగిపోయినవాళ్ల ఫీజు మాత్రం అప్పటికే జమయింది.

అప్పు ఎక్కడ తేవాలి

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు మొదటి హెచ్చరిక ఏమిటంటే, ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు జోలికి పోవద్దు. పోతే ఆదాయం తక్కువున్న కుటుంబానికి పెల్ గ్రాంటు వచ్చే ప్రమాదముంది. 2025-26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు, అంటే కమ్యూనిటీ కాలేజీ సగటు ఫీజు మొత్తం కట్టి ఇంకా మిగులుతుంది. తిరిగి కట్టక్కర్లేని డబ్బు తీసుకుంటే అప్పు చేసే అవకాశం చేజారుతుంది. గ్రాంటు రాకపోయినా పెళ్లయిన విద్యార్థికి మొదటి ఏడాది 9,500 డాలర్ల దాకా ఫెడరల్ అప్పు దొరుకుతుంది. 2025-26లో వడ్డీ 6.39 శాతం, ఎవరి హామీ అక్కర్లేదు, చదువయ్యాక ఆరు నెలల గడువు. చూశారా, ఎంత చప్పగా ఉందో.

మొత్తం మీద తొమ్మిది వేలు ఆ వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీరిస్తే నెలకు కట్టేది 102 డాలర్లు. అరవై వేలు ప్రైవేటుగా 12 శాతానికి తెచ్చి పదేళ్లు కడితే నెలకు 861. అన్నీ కలిపి లక్షా మూడు వేల పైన. చదువుకునే కాలంలో పెరిగిన వడ్డీ ఇందులో కలపలేదు. గంటకు 34 తెచ్చుకునే కొత్త నర్సు పన్నులు పోను చేతికి వచ్చేదాంట్లోంచి ఆ 861 తీసి పక్కన పెట్టాలి, నెలనెలా, పదేళ్లు. ఈ రెండు అప్పులవాళ్లూ చేసే ఉద్యోగం మాత్రం ఒకటే, తెచ్చుకునే జీతం ఒకటే.

హెచ్-4 వాళ్లకు ఫెడరల్ అప్పు లేదు కనుక దారి తేలిక. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో హెచ్-4 మీద ఉన్నవాళ్లు కూడా నివాసం రుజువు చేసుకుని రాష్ట్రంవాళ్ల ఫీజుకే చదువుకోవచ్చన్న మాట మీ చెవిన పడనివ్వకండి. తిన్నగా ప్రైవేటు అప్పుకు వెళ్లండి. వాళ్లు సాధారణంగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న కో-సైనర్‌ను అడుగుతారు. ఇక్కడ మన బంధుత్వాలు అక్కరకొస్తాయి. తోడల్లుడికి గ్రీన్ కార్డు ఉంటే ఆదివారం భోజనానికి పిలవండి. గుత్తివంకాయ, చేపల పులుసు చేయండి. 'ఒక్క సంతకమే అన్నయ్యా, కట్టేది మేమేగా' అనండి. కో-సైన్ అంటే సాక్షి సంతకం కాదనీ, మీరు కట్టకపోతే మొత్తం ఆయన కట్టాలనీ, ఆయన క్రెడిట్ స్కోరు మీద అప్పటినుంచే ఆ అప్పు కూర్చుంటుందనీ పులుసు అయిపోయేదాకా చెప్పొద్దు. అమెరికాలో విద్యార్థి అప్పును దివాలా పిటిషన్‌తో వదిలించుకోవడం బహు కష్టం. ఫెడరల్‌కయినా ప్రైవేటుకయినా కోర్టులో తట్టుకోలేని కష్టమని నిరూపించాల్సిందే.

అప్పు మాఫీ పథకాల గురించి విన్నవాళ్లు మరీ జాగ్రత్త. నర్స్ కోర్ అనే ఫెడరల్ పథకం కొరత ఉన్న చోట్ల రెండేళ్లు పనిచేసే నర్సు అప్పులో 60 శాతం తీరుస్తుంది. మూడో ఏడు ఉంటే ఇంకో 25 శాతం. అది పౌరులకూ గ్రీన్ కార్డు వాళ్లకూ మాత్రమే. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ అప్పు రద్దు చేసే పథకం 2007 నుంచి ఉంది. ఈ రెండో పథకాన్ని తప్పించుకునే సులువు మార్గం, ఉద్యోగం రాగానే 'తక్కువ వడ్డీ' అన్న ఈమెయిలు చూసి ఫెడరల్ అప్పును ప్రైవేటు కంపెనీకి మార్చేసుకోవడం. ఒక్కసారి మారిందా, ఆ 120 వాయిదాల పథకం తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

వీసా సంగతి తర్వాత చూసుకోవచ్చు

ఇది చిన్న సలహా, దెబ్బ మాత్రం పెద్దది. హెచ్-4 మీద చదువుకోవచ్చు. పని చేయాలంటే ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కావాలి. అది మీ ఆయన గ్రీన్ కార్డుకు సంబంధించిన ఐ-140 ఆమోదం పొందాక వచ్చేది. 2015లో మొదలైన సదుపాయం. రెన్యువల్ ఆలస్యమైతే డ్యూటీ ఆగుతుంది, అప్పు వాయిదా ఆగదు. ఈఏడీ లేకపోతే హెచ్-1బి మీద చేరవచ్చనుకునేవాళ్లున్నారు. బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకే హెచ్-1బి. రెండేళ్ల డిగ్రీతో కూడా చేయగల మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి అది సాధారణంగా దొరకదు. నర్సులకు గ్రీన్ కార్డు దరఖాస్తులో లేబర్ సర్టిఫికేషన్ దశ లేని ప్రత్యేక వెసులుబాటు ఉందన్నది నిజమే. ఆ వెసులుబాటు దాటాక మళ్లీ నిలబడాల్సింది భారతీయుల ఈబీ-3 వరసలోనే, అది ఎక్కడిదాకా ఉందో మీ ఆయనకు బాగా తెలుసు. కాబట్టి ఇవన్నీ చదువయ్యాక, మొదటి వాయిదా నోటీసు వచ్చాక ఆలోచించండి.

అడ్డదారి

చదవకుండానే డిగ్రీ కావాలనుకునేవాళ్లు 2023 జనవరిలో బయటపడ్డ ఆపరేషన్ నైటింగేల్ గురించి చదవకుండా ఉంటే మేలు. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ల పేరు మీద 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని ఫెడరల్ అధికారులు తేల్చారు. కొన్నవాళ్లలో ఇంచుమించు 2,400 మంది ఎన్‌క్లెక్స్ కూడా పాసయ్యారు. తర్వాత రాష్ట్రాల బోర్డులు వాళ్లను వెతికి లైసెన్సులు లాగేసుకోవడం మొదలెట్టాయి. డిప్లొమా ధర పది, పదిహేను వేల డాలర్లట. అంత డబ్బుతో కమ్యూనిటీ కాలేజీలో నిజంగానే చదివేయొచ్చు. ఆ తెలివి ఉన్నవాళ్లు ఆ పనికి ఎందుకు పోతారు?

బీఎస్ఎన్‌ను కూడా ఇప్పుడే కొనేయండి

పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా మాగ్నెట్ గుర్తింపున్నవి, బీఎస్ఎన్ ఉన్నవాళ్లకు మొగ్గు చూపుతాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఆర్‌ఎన్‌లు పదేళ్లలోగా బీఎస్ఎన్ పూర్తి చేయాలి. కాబట్టి రెండేళ్ల డిగ్రీ రాగానే, ఉద్యోగంలో చేరకముందే, సొంత డబ్బుతో ఆ రెండో డిగ్రీ మొదలుపెట్టండి. ఉద్యోగంలో చేరితే చాలా ఆసుపత్రులు చదువు ఖర్చులో కొంత తామే భరిస్తాయి. ఏడాదికి 5,250 డాలర్ల దాకా దాని మీద పన్ను కూడా ఉండదు. ఇంకొకరి డబ్బుతో చదువుకోవడం ఆత్మాభిమానం ఉన్నవాళ్లకు తగునా? మొదటి డిగ్రీ చేసిన కాలేజీ క్రెడిట్లను ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో కూడా ముందుగా అడగొద్దు. ఒప్పుకోకపోతే అనాటమీ మళ్లీ చదివే భాగ్యం కలుగుతుంది.

ఇన్ని చెప్పాక కూడా కొందరికి అప్పు చేయడం చేతకాదు. వాళ్ల ఇబ్బంది ఎక్కడుందో నాకు తెలుసు. కమ్యూనిటీ కాలేజీల నర్సింగ్ దరఖాస్తులు చాలాచోట్ల ఏడాదికి ఒకటి రెండుసార్లే తీసుకుంటారు. అంతకుముందే ప్రీ-రిక్విజిట్ మార్కులు, టీస్ స్కోరు, టీకాల కాగితాలు సిద్ధంగా ఉండాలి. వీళ్లు ఆ తేదీని ఫ్రిజ్ మీద అంటించుకుంటారు. అంటించుకోవద్దు. ఆ గడువు ఒక్కటి దాటిపోనివ్వండి, మిగతా సలహాలన్నీ వాటంతటవే అమలవుతాయి.